బాట అడగాల్సిన చోట బండి కొంటున్నాం

ఈ మధ్య ఏ ఊళ్లో సంఘం సమావేశం పెట్టినా ఎరువుల కొరత, మద్దతు ధర తర్వాత మూడో మాటగా ఇదే వస్తోంది: “సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ బై ఫోర్ పికప్ ఒకటి బేరానికి వచ్చింది. తీసుకోమంటారా?” అడిగేవాళ్లు సోకు కోసం అడగడం లేదు. వాన పడితే డొంకలో మామూలు బండి దిగదు. బాడుగ బండివాడు “రోడ్డు దాకా తెచ్చుకోండి, అక్కడ ఎత్తుకుంటా” అంటాడు. కోసిన టమాటా చెట్టు కింద మగ్గిపోతుంది, ఏరిన పత్తి తడుస్తుంది. ఆ బాధలోంచి వచ్చిన ప్రశ్న అది.

జవాబు సూటిగా చెబుతాను. ఒక్కరే, ఫైనాన్సు మీద, సొంత పంట తోలుకోవడానికి మాత్రమే అయితే వద్దు. పదిమందితో కలిసి, లెక్క వేసుకుని, సొసైటీ పేరు మీద అయితే ఆలోచించండి. ఎలా కొన్నా సరే, ఆ డొంక సంగతి తేల్చమని అడగడం మాత్రం మానొద్దు. పాలకులు వేయాల్సిన బాటను మనం కిస్తీలు కట్టి కొనుక్కుంటున్నాం. ఈ వ్యాసంలో నా గొడవంతా దాని గురించే.

బురద ఎన్ని కిలోమీటర్లు?

ముందు ఒక పని చేయండి. మీ చేను నుంచి మార్కెట్ యార్డు దాకా దారిని రెండు ముక్కలుగా చూడండి. చేను నుంచి తారు రోడ్డు దాకా ఎంత? తారు రోడ్డు మీద యార్డు దాకా ఎంత? చాలా ఊళ్లలో మొదటి ముక్క రెండు మూడు కిలోమీటర్లు, రెండోది పాతిక ముప్పై. ఆ మొదటి ముక్క కూడా ఏడాదంతా బురదగా ఉండదు. వానాకాలం రెండు మూడు నెలలే మనల్ని ఏడిపిస్తుంది. అంటే మూడు కిలోమీటర్ల బురద కోసం ముప్పై కిలోమీటర్ల తారు రోడ్డు మీద, తొమ్మిది పొడి నెలల్లో కూడా ఫోర్ వీల్ సామాను మోసుకుంటూ తిరుగుతాం. ముందు క్రౌన్, దాని షాఫ్టులు, అదనపు గేరు బాక్సు, అన్నీ బరువే, అన్నీ ఖర్చే. అవి పోతే మండల కేంద్రంలో మెకానిక్ చెయ్యి పెట్టడు, సామాను ఊళ్లో దొరకదు.

పైగా మన నల్లరేగడి సంగతి మనకు తెలియంది కాదు. తడిసిన రేగడి టైరు గళ్లలో నిండిపోతే టైరు గుండులా నున్నగా అవుతుంది. అప్పుడు రెండు చక్రాలు జారే చోట నాలుగూ జారతాయి. టన్నుకు పైగా లోడుతో దిగితే గాడి ఇంకా లోతు పడి, వెనక వచ్చేవాడికి ఉన్న బాట కూడా పోతుంది. ఫోర్ బై ఫోర్ ఇసుకలో, రాళ్ల దారిలో, ఎత్తుల్లో బాగా పనికొస్తుంది. పాడేరు, అరకు వైపు కొండ ఊళ్లలో అది అవసరమే, కాదనను. మైదానంలో రేగడి చేలకు మాత్రం ఊళ్లో ఉన్న ట్రాక్టరు, ట్రాలీయే మేలు. చేను నుంచి రోడ్డు దాకా ట్రాక్టరు, రోడ్డు నుంచి యార్డుకు మామూలు బాడుగ పికప్. రెండుసార్లు ఎత్తి దించడానికి కూలి అవుతుంది, నిజమే. ఆ కూలిని కిస్తీతో పోల్చి చూడండి.

కాగితం మీద లెక్క

లెక్క కోసం ఒక బండి అనుకుందాం. ధర 5 లక్షలు. లక్ష చేతి నుంచి, 4 లక్షలు ఫైనాన్సు, మూడేళ్లు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ. వడ్డీ 1,44,000. మొత్తం 5,44,000. నెలకు కిస్తీ 15,111 రూపాయలు, ఏడాదికి 1,81,332.

దాని మీద ఇన్సూరెన్సు. 7,500 కిలోల లోపు సరుకు రవాణా బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే, 2022 జూన్‌లో వచ్చిన రేటు ప్రకారం, 16,049 రూపాయలు. పన్ను వేరే. టైర్లు, రిపేర్లు, రోడ్డు ట్యాక్సు, ఎఫ్‌సీ కలిపి ఏడాదికి 50 వేలు వేసుకుందాం. పాత ఫోర్ వీల్ బండికి ఇది తక్కువే. మొత్తం 2,47,381. ఇందులో డీజిలు లేదు, డ్రైవరు జీతం లేదు, మీరు చేతి నుంచి పెట్టిన లక్ష లేదు.

ఇప్పుడు బాడుగ. ముప్పై కిలోమీటర్ల యార్డుకు ట్రిప్పుకు 2,500 అనుకుందాం. సొంత బండి అయితే అదే ట్రిప్పుకు డీజిలు 600. అంటే ట్రిప్పుకు మిగిలేది 1,900. పైన చెప్పిన ఖర్చు రాబట్టాలంటే ఏడాదికి 130 ట్రిప్పులు తిరగాలి. అయిదెకరాల పత్తి, కంది రైతుకు విత్తనం, ఎరువు, పంట అన్నీ కలిపినా నలభై ట్రిప్పులు ఉంటాయా? నలభై ట్రిప్పులే అయితే ఒక్కో ట్రిప్పు డీజిలు కాకుండానే 6,184 రూపాయలు పడుతుంది. ఆ డబ్బుకు రెండు బాడుగ బండ్లు వస్తాయి.

మీ ఊరి ధరలు వేరేగా ఉంటాయి. అంకెలు మార్చి మీరే వేసుకోండి. రోజు విడిచి రోజు కోత కోసే కూరగాయల రైతుకు, పూల రైతుకు 130 ట్రిప్పులు కష్టం కాదు. వాళ్ల లెక్క వేరు. పక్క రైతుల సరుకు కూడా తోలి 130 దాటిస్తానంటారా? అది బాడుగ వ్యాపారం. తప్పేం లేదు, కాకపోతే దాన్ని వ్యాపారంగానే చూసి దిగండి. సేద్యం ఖర్చు తగ్గించుకుంటున్నాం అనుకుంటూ దిగొద్దు.

మూడేళ్లకు అప్పు తీరుతుంది, ఆ తర్వాత బండి మనదే కదా అంటారు. పదేళ్ల బండి కొంటే అప్పు తీరేసరికి దానికి 13 ఏళ్లు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. కిస్తీ తగ్గే నాటికి షెడ్డు బిల్లు పెరుగుతుంది. అప్పుడు అమ్మబోతే ఎంత వస్తుందో కొనే రోజే అడిగి చూడండి.

“12 శాతమే” అనే మాయ

ఫ్లాట్ వడ్డీ అంటే మొదటి నెల తీసుకున్న 4 లక్షల మీదే చివరి నెల దాకా వడ్డీ. రెండేళ్లు కట్టాక అసలు చాలా వరకు తీరిపోయినా వడ్డీ లెక్క 4 లక్షల మీదే నడుస్తుంది. తగ్గే అసలు మీద లెక్క కడితే ఆ 12 శాతం నిజానికి 21 శాతానికి పైనే. పంట రుణం 3 లక్షల దాకా 7 శాతం, గడువులో కడితే 4 శాతం. అదే రైతు, అదే చేతి సంతకం. విత్తనానికి 4 శాతం, ఆ పంటను మార్కెట్‌కు చేర్చే బండికి 21 శాతం! పంట పండించడం వ్యవసాయం, దాన్ని అమ్ముకోవడం వ్యవసాయం కాదని ఎవరు తేల్చారు?

ఇంకో చిక్కు. పంట ఏడాదికోసారి వస్తుంది, కిస్తీ నెలనెలా వస్తుంది. శ్రావణంలో చేతిలో రూపాయి లేనప్పుడు కిస్తీ కట్టడానికి ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాం. రెండు కిస్తీలు తప్పితే సీజింగ్ వాళ్లు వస్తారు. వసూళ్లకు కండబలం వాడటం చెల్లదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. అయినా తెల్లారుజామున బండి తాళం లాక్కునే వాళ్లు ఇంకా ఉన్నారు. ఈ రోజు కన్సల్టెన్సీల ముందు వరసగా నిలబెట్టిన సీజింగ్ బండ్లలో కొన్నయినా మనలాంటి రైతులవే. ఒక రైతు పోగొట్టుకున్న బండిని ఇంకో రైతుకు చవకబేరం అని చూపిస్తున్నారు.

ఒక ఆయుధం మన చేతిలో ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి కొత్త రిటైల్ రుణానికీ ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అన్ని చార్జీలూ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో అందులో రాయాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో రాయాలి. తెలుగులో ఆ కాగితం చేతికి ఇవ్వందే సంతకం పెట్టకండి.

సొంత బండి ఉంటే ధర వస్తుందా?

బండి కొనమనే వాళ్ల పెద్ద వాదన ఇది: సొంత బండి ఉంటే దళారీ పీడ పోతుంది, నచ్చిన యార్డుకు తోలుకోవచ్చు, పత్తి కొనుగోలు కేంద్రం దగ్గర రెండు రోజులు ఆగినా వెయిటింగ్ చార్జీ ఉండదు. ఈ వాదనలో నిజం ఉంది. జిన్నింగు మిల్లు గేటు ముందు రాత్రంతా పడిగాపులు పడి, బండివాడికి రోజు బాడుగ అదనంగా కట్టిన రైతుకు ఆ మంట తెలుసు.

కానీ సీసీఐ తేమ 12 శాతం దాటితే కొనదు. సొంత బండిలో వెళ్లిన పత్తికి తేమ తగ్గదు. యాప్‌లో స్లాట్ దొరక్కపోతే సొంత బండి కూడా ఇంటి ముందే నిలబడుతుంది. టమాటా మదనపల్లెకు తోలినా, మిర్చి గుంటూరుకు తోలినా, అక్కడ ధర పడిపోయి ఉంటే సొంత బండి చేసేదేమీ లేదు. ఇంకా చెప్పాలంటే కిస్తీ తేదీ మెడ మీద ఉన్న రైతు ధర కోసం ఆగలేడు. వచ్చిన రేటుకు ఇచ్చేసి వస్తాడు. ధర కోసం కొన్న బండే ధర కోసం ఆగే ఓపికను లాగేసుకుంటుంది.

కూలీలను ఎక్కించుకుంటే

దీని మీద మన ఊళ్లలో మాట్లాడేవాళ్లు తక్కువ. పికప్ వచ్చిన మర్నాటి నుంచే దాంట్లో కలుపు కూలీలు, కోత కూలీలు ఎక్కుతారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు బండిలో సరుకు యజమానికి గానీ, అతని తరఫు మనిషికి గానీ బీమా రక్షణ ఉంటుంది. వెనక ఎక్కిన మిగతా వాళ్లకు కంపెనీ బాధ్యత ఉండదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బోల్తా పడితే ఆ ఆడకూతుళ్ల కుటుంబాలకు పరిహారం ఎవరిస్తారు? బండి యజమాని ఇవ్వాలి. రెండెకరాలు అమ్మినా అది తీరదు. పోయిన ప్రాణం ఎలాగూ రాదు. 2018 జూన్‌లో వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడ్డ ఘోరం మనం మరిచిపోకూడదు. సరుకు బండి సరుకుకే. కూలీలకు ఆటో గానీ, బస్సు గానీ కావాలని అడగాలి. మన కూలి మనిషి ప్రాణం మన బాడుగ పొదుపు కన్నా చిన్నది కాదు.

ఓవర్‌లోడు కూడా అంతే. చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఒక్కసారి పట్టుబడితే ఎనిమిది ట్రిప్పుల బాడుగ పోయినట్టే.

కొనక తప్పని వాళ్లు చూడాల్సినవి

ఇంత చెప్పినా కొన్ని చోట్ల కొనక తప్పదు. వాళ్లు ఇవి చూడాలి.

బండి ఎక్కడ తిరిగిందో అడగండి. క్వారీలో, ఇసుక రేవులో నలిగిన ఫోర్ వీల్ బండికి రంగు వేసి వ్యవసాయం బండి అని చూపిస్తారు. ఛాసిస్ కింద పడుకుని చూడండి. వెల్డింగు అతుకులు, కొత్తగా పూసిన నల్ల రంగు ఉంటే అనుమానించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో చూశాం. వరదలో మునిగిన బండిని కడిగి అమ్మితే పైకి తెలియదు. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి, మడతల్లో ఒండ్రు ఉంటుంది. సీటు కింద పట్టాలకు తుప్పు, క్రౌన్ ఆయిలు పాలలా తెల్లగా ఉండటం కూడా గుర్తులే.

ఫోర్ వీల్ గేరు తారు రోడ్డు మీద వేసి పరీక్ష చేయొద్దు, సామాను బిగిసిపోతుంది. దుక్కిలోకి దించి, గేరు వేసి, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో మెకానిక్ చేత చూపించండి. చాలా పాత బండ్లలో ముందు షాఫ్టు విప్పేసి ఉంటుంది. పేరుకే ఫోర్ బై ఫోర్.

పేపర్ల దగ్గర మొహమాటం వద్దు. ఆర్సీలో ఫైనాన్సు పేరు ఉంటే ఫారం 35, కంపెనీ ఇచ్చిన ఎన్‌ఓసీ కావాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. పక్క రాష్ట్రం బండి అయితే ఫారం 28. చలాన్లు, ట్యాక్సు బకాయిలు ఆన్‌లైన్‌లో చూపించమనండి. కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పుకు పెట్టుకోవాలి, ఇన్సూరెన్సు 14 రోజుల్లో మార్పించుకోవాలి. అమ్మే రైతులకూ ఒక హెచ్చరిక. ఆర్సీ మీ పేరు మీద ఉన్నంత కాలం ప్రమాదం జరిగితే యజమాని మీరేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు కన్సల్టెన్సీ చేతిలో పెట్టి రావద్దు.

లైసెన్సు విషయంలో దిగులు అక్కర్లేదు. 7,500 కిలోల లోపు సరుకు బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది.

ధర దగ్గర ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర దిగితే పాత బండి ధరా దిగాలి. అంతకు ముందరి రేటు చెబితే లేచి వచ్చేయండి.

కలిసి కొనేవాళ్లు బండిని ఒకరి పేరు మీద పెట్టొద్దు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సొసైటీ గానీ, రైతు ఉత్పత్తిదారుల సంఘం గానీ ఉంటే దాని పేరు మీద కొనండి. పైన వేసిన లెక్క ఆరుగురికి పంచితే మనిషికి ఏడాదికి 41,230 రూపాయలు. ఒక్కొక్కరికి 22 ట్రిప్పులు ఉంటే బాడుగతో సమానం, ఆపైన లాభం. అందరి పంటా ఒకే వారం వస్తే వంతు ఎవరిదో కొనకముందే రాసుకోండి. వాడినవాడే డీజిలు పోయాలి, ట్రిప్పు పుస్తకం రాయాలి. ఈ రెండూ లేని ఉమ్మడి బండి ఆరు నెలల్లో ఉమ్మడి తగాదా అవుతుంది.

డొంక మనది, డబ్బూ మనదే

ఇప్పుడు అసలు దోషి దగ్గరికి వద్దాం. డొంక అనండి, పుంత అనండి, బండ్ల బాట అనండి, అది గ్రామ నక్షాలో గీసి ఉన్న ప్రభుత్వ భూమి. రెండు బండ్లు ఎదురెదురుగా తప్పుకునే వెడల్పున్న డొంకలు ఇప్పుడు ఒక ట్రాక్టరు దూరే సందులయ్యాయి. చుట్టూ ఉన్నవాళ్లు చాలు చాలుగా కలుపుకున్నారు. ఆ కలుపుకున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, దాచుకోవాల్సిన పని లేదు. ఆక్రమణ తొలగించడానికి 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఉంది. అమలు చేయాల్సిన తహసీల్దారు ఉన్నాడు. లేనిది అడిగే గొంతు.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదానంలో 500 జనాభా ఉన్న ఆవాసాలకు రోడ్డు వేయడం దాని లెక్క. 2024లో తెచ్చిన నాలుగో దశలో 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్లు అన్నారు. మంచిదే. కానీ ఆ లెక్కలో ఇళ్లున్న చోటు ఉంది, పంట ఉన్న చోటు లేదు. రోడ్డు ఊరి దాకా వచ్చి ఆగిపోయింది. చేనుకు పోయే మూడు కిలోమీటర్లు ఎవరి పద్దులోనూ లేవు.

డబ్బు లేదంటారా? 2021 ఫిబ్రవరి 2 నుంచి కేంద్రం లీటరు డీజిలు మీద 4 రూపాయల సెస్సు విధించింది. దాని పేరేమిటో తెలుసా? వ్యవసాయ మౌలిక సదుపాయాలు, అభివృద్ధి సెస్సు! మన పేరు మీద, మన ట్రాక్టరులో పోసే డీజిలు మీద కూడా. సెస్సు కాబట్టి రాష్ట్రాలకు వాటా కూడా పంచనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరులో రోడ్ల అభివృద్ధి పేరుతో లీటరుకు ఇంకో రూపాయి వేశారు. పైన లెక్క వేసిన 130 ట్రిప్పుల బండి, ట్రిప్పుకు ఆరు లీటర్ల చొప్పున, ఏడాదికి 780 లీటర్లు తాగుతుంది. అంటే ఒక్క బండి మీద ఏటా 3,120 రూపాయలు వ్యవసాయ సదుపాయాల పేరుతో, 780 రూపాయలు రోడ్ల పేరుతో కడతాం. యార్డులో మార్కెట్ సెస్సు వేరే. ఒకప్పుడు ఆ మార్కెట్ సెస్సుతోనే లింకు రోడ్లు వేశారు. రోడ్డు కోసం కట్టాం, మళ్లీ రోడ్డు లేదు కాబట్టి ఫోర్ వీల్ బండి కోసం కడుతున్నాం. మూలిగే నక్క మీద తాటిపండు అంటే ఇదే.

ఇంకొక నష్టం కూడా ఉంది. ఊళ్లో నలుగురు పెద్ద రైతులు ఫోర్ బై ఫోర్ కొంటే వాళ్లకు డొంక సమస్య కనిపించదు. గట్టిగా అడగగలిగిన నలుగురూ పక్కకు తప్పుకుంటారు. మిగిలిన కౌలు రైతు, సన్నకారు రైతు మోకాలి లోతు బురదలో మూట మోస్తూ ఉంటారు. బండి కొన్న ప్రతి ఇంటితో పాటు ఊరి కోపంలో ఒక పిడికిలి తగ్గుతుంది. పాలకులకు కావాల్సింది అదే.

మన డిమాండ్లు

ఒకటి, గ్రామ నక్షా ప్రకారం డొంకలన్నీ సర్వే చేసి, హద్దురాళ్లు పాతి, గ్రావెల్ తోలించాలి. రెండు, డీజిలు సెస్సులో, మార్కెట్ సెస్సులో ఏ మండలం పొలం బాటలకు ఎంత ఖర్చు పెట్టారో లెక్క బయట పెట్టాలి. మూడు, రైతు సొసైటీలు కొనే సరుకు బండికి పంట రుణం వడ్డీకే అప్పు ఇవ్వాలి, కిస్తీ పంట చేతికి వచ్చే నెలల్లోనే ఉండాలి. నాలుగు, కొనుగోలు కేంద్రం మన చేలకు దగ్గరగా రావాలి, గేటు దగ్గర ఆపిన ప్రతి రోజుకూ వెయిటింగ్ చార్జీ కొనేవాడే భరించాలి.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే మూడు పనులు చేయాలి. గ్రామ నక్షా నకలు తీసుకోండి. డొంక నడిచి, ఎక్కడ ఎంత పూడిందో, ఎంత కలిసిపోయిందో రాయండి. ఆ డొంక మీద ఆధారపడ్డ రైతులందరి సంతకాలతో తహసీల్దారుకు, ఎంపీడీవోకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కలుపుకున్నవాళ్లు సంఘ సభ్యులైతే వాళ్ల గట్టు ముందు జరపండి. మన గట్టు జరిపాక అడిగితే ఎవరూ నోరు మూయించలేరు. రసీదులు చేతికి వచ్చాక మండల కమిటీలు రెవెన్యూ ఆఫీసు ముందుకు ట్రాక్టర్లతో కదలాలి.